ఎనిమిదో నంబరు పడవ

1912 ఏప్రిల్ 10, బుధవారం. పొద్దున పారిస్‌లోని సాన్ లజార్ స్టేషన్‌లో బయల్దేరిన ప్రత్యేక రైలు సాయంత్రానికి షెర్బూర్ రేవు చేరింది. తోలు పెట్టెలు, టోపీ డబ్బాలు, వెంట పనివాళ్లు. దిగినవాళ్లలో అమెరికా ధనవంతులే ఎక్కువ. వాళ్ల మధ్య మాడ్రిడ్‌కు చెందిన ఒక జంట ఉంది. అతను విక్టర్ పెన్యాస్కో, 24 ఏళ్లు. ఆమె హోసెఫా, 22 ఏళ్లు. ఇంట్లో అందరూ పెపీటా అని పిలుస్తారు. వెనక పరిచారిక ఫెర్మినా ఒలీవా, 39 ఏళ్లు. 1910 డిసెంబర్ 8న పెళ్లయింది మొదలు విక్టర్, పెపీటా యూరప్‌లో ఊరూరూ తిరుగుతూనే ఉన్నారు. ఏడాది దాటి నాలుగు నెలలు గడిచినా వాళ్ల హనీమూన్ ఇంకా అయిపోలేదు.

ఓడ రాలేదు. మధ్యాహ్నం సౌతాంప్టన్‌లో అది కదులుతున్నప్పుడు పుట్టిన నీటి లాగుడుకు, పక్కన కట్టేసి ఉన్న 'న్యూయార్క్' అనే మరో ఓడ మోకులు తెంపుకుని మీదికి వచ్చింది. రెండూ గుద్దుకోకుండా తప్పించేసరికి గంట ఆలస్యమైంది. షెర్బూర్‌లో అంత పెద్ద ఓడ ఆనుకునే గట్టు లేదు. ప్రయాణికులను ఓడ దగ్గరికి చేర్చడానికి దాని యజమాని అయిన వైట్ స్టార్ కంపెనీ 'నోమాడిక్', 'ట్రాఫిక్' అని రెండు చిన్న ఓడలు కట్టించి పెట్టుకుంది. మొదటి, రెండో తరగతుల వాళ్లు నోమాడిక్ ఎక్కారు. పొద్దు వాలే వేళకు నాలుగు పొగగొట్టాలతో టైటానిక్ వచ్చి లంగరు వేసింది. రాత్రి ఎనిమిది దాటాక షెర్బూర్ వదిలింది. ముగ్గురి టికెట్ 108 పౌండ్ల 18 షిల్లింగులు. దంపతుల గది సి-65.

టైటానిక్ అనగానే మనకు 1997లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. అందులోని జాక్, రోజ్ కల్పిత పాత్రలు. విక్టర్, పెపీటా కల్పితం కారు. వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు నేను ఊహించి రాయడం లేదు. విచారణ సంఘాల ముందు సాక్షులు చెప్పినవి, బతికి బయటపడ్డవాళ్లు తర్వాత గుర్తు చేసుకున్నవి, స్పెయిన్‌లో ఆ కుటుంబాల వాళ్లు చెప్పుకుంటూ వచ్చినవి మాత్రమే ఇక్కడ ఉన్నాయి.

అమ్మకు చెప్పని ప్రయాణం

విక్టర్ తల్లి పేరు పురిఫికాసియోన్. కొడుకూ కోడలూ ప్రయాణం కట్టినప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. ఎక్కడికైనా వెళ్లండి, ఎన్నాళ్లయినా తిరగండి, ఓడ మాత్రం ఎక్కొద్దంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు నీటిగండం ఉందని పిల్లలను చెరువు గట్టు తొక్కనివ్వరే, అలాంటి భయం ఆమెది. కారణం అడిగితే చెప్పలేదు. చెప్పడానికి ఏముంటుంది? తల్లికి అనిపించింది, అంతే.

డబ్బుకు లోటు లేదు. ఇద్దరివీ ఆస్తిపరుల కుటుంబాలే. వియన్నా, మాంటే కార్లో చూశారు. పారిస్ చేరారు. అక్కడే, మాక్సిమ్స్ అనే పేరుమోసిన రెస్టారెంట్‌లో భోంచేస్తుండగా టైటానిక్ తొలి ప్రయాణం ప్రకటన కంటబడిందని స్పెయిన్‌లో చెప్పుకుంటారు. ప్రకటన ఎక్కడ చూసినా, నిర్ణయం మాత్రం పారిస్‌లోనే జరిగింది. హనీమూన్‌ను న్యూయార్క్‌లో ముగిద్దామనుకున్నారు. మరి అమ్మకు ఇచ్చిన మాట?

దానికో ఉపాయం దొరికింది. తమతో ఉన్న బట్లర్‌ను పారిస్‌లోనే ఉంచేశారు. పోస్టుకార్డులు ముందుగానే రాసి కట్టగట్టి అతని చేతికిచ్చారు. అట్లాంటిక్ దాటి తాము తిరిగొచ్చేదాకా ఒక్కొక్కటే మాడ్రిడ్‌కు పోస్టు చేస్తూ ఉండాలి. పారిస్‌లో వాతావరణం బాగుంది, నాటకాలు చూస్తున్నాం, మేం కులాసా అనే రకం కార్డులు. అమ్మ నిశ్చింతగా ఉంటుంది, తమ సరదా తీరుతుంది.

ఇందులో దుర్బుద్ధి నాకు కనిపించదు. అమ్మ కంగారు పడుతుందని ప్రయాణం సంగతి దాచని కొడుకులు తక్కువ. కానీ ఆ కార్డుల వల్ల జరిగిందేమిటంటే, ఆ నాలుగు రోజులూ కొడుకు ఎక్కడున్నాడో మాడ్రిడ్‌లో కన్నతల్లికి తెలియకుండా పోయింది.

ఏ ఓడ ఎక్కాలి?

ఆ వసంతంలో యూరప్ నుంచి న్యూయార్క్ వెళ్లాలనుకున్న ధనిక జంటకు ఓడల కొరత లేదు. బ్రిటన్‌కు చెందిన క్యూనార్డ్ కంపెనీ దగ్గర లూసిటానియా, మౌరిటేనియా ఉన్నాయి. రెండూ 1907లో సముద్రంలోకి వచ్చినవే. వేగంలో వాటిని మించినవి లేవు. మౌరిటేనియా అట్లాంటిక్‌ను అయిదు రోజుల్లోపే దాటేసేది. కాకపోతే ఆ వేగానికి వెనక భాగంలోని గదులు అదురుతాయన్న ఫిర్యాదు ఉండేది. ఫ్రెంచివాళ్లు 'ఫ్రాన్స్' అనే కొత్త ఓడను సిద్ధం చేస్తున్నారు. అది లె హావ్ర్ రేవు నుంచి తొలిసారి బయల్దేరింది ఏప్రిల్ 20న. పారిస్‌లో ఉన్న జంట ఇంకో పది రోజులు ఓపిక పడితే దాని తొలి ప్రయాణానికే టికెట్ కొనుక్కోవచ్చు.

వైట్ స్టార్ మాత్రం వేగం పోటీలో నుంచి తప్పుకుంది. పరిమాణంలో, సుఖంలో మమ్మల్ని మించినవాళ్లు ఉండకూడదని 1907లోనే తీర్మానించుకుంది. బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ కార్ఖానాలో ఒకే అచ్చులో ఓడలు మొదలుపెట్టించింది. మొదటిది ఒలింపిక్, 1911 జూన్‌లో తిరగడం మొదలైంది. రెండోది టైటానిక్. పొడవు 882 అడుగులు, పరిమాణం ఓడల టన్నుల లెక్కన 46,328. ఆనాటికి ప్రపంచంలో అంతకన్నా పెద్ద ఓడ లేదు. ఈత కొలను, ఆవిరి స్నానాల గదులు, వ్యాయామశాల, పారిస్ వీధి హోటల్‌ను తలపించే కాఫీ గది. పైగా పారిస్‌లో రైలెక్కితే ఓడ దాకా చేర్చే బాధ్యత కంపెనీదే.

కొత్త జంటలు దానికి పడిపోవడంలో ఆశ్చర్యం లేదు. జాన్ జాకబ్ ఆస్టర్ అప్పటి అమెరికా కుబేరుల్లో ఒకడు. 18 ఏళ్ల భార్య మాడలిన్‌తో ఈజిప్ట్ హనీమూన్‌కు జనవరిలో ఒలింపిక్ మీదే వచ్చాడు. తిరుగు ప్రయాణానికి అదే కంపెనీ కొత్త ఓడను ఎంచుకున్నాడు. అప్పటికి మాడలిన్ గర్భిణి. మిషిగన్ రాష్ట్రానికి చెందిన డికిన్సన్ బిషప్, హెలెన్ దంపతులైతే ఈ ఓడలో వెళ్లాలనే తమ తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నారు. డానియల్ మార్విన్, మేరీ మరీ చిన్నవాళ్లు, ఇరవై నిండనివాళ్లు. డానియల్ తండ్రి తొలినాటి అమెరికా సినిమా సంస్థ బయోగ్రాఫ్ స్థాపకుల్లో ఒకరు. పారాణి ఆరని ఇలాంటి జంటలు ఆ ఓడలో డజనుకు పైగా ఉన్నాయంటారు.

ఇన్ని జంటలూ ఏం చూసి ఎంచుకున్నాయి? కొత్తది, పెద్దది, భోజనం బాగుంటుంది, గది అదరదు, రేవుకు చేరడం తేలిక. ఈ రోజు హనీమూన్‌కు క్రూజ్ ఎక్కాలనుకునే జంట ఏజెంటు ముందు కూర్చుని అడిగేవీ ఇవే. నేనిది తప్పని అనను. సుఖంగా ఉండాలనే కదా వెళ్లేది. అయితే ఆ ఓడలో ప్రాణాలు ఎవరివి దక్కాయో, ఎవరివి పోయాయో తేల్చిన సంగతులు వేరే ఉన్నాయి. అవి ఏ ప్రకటనలోనూ లేవు.

టైటానిక్ మీద ఉన్న ప్రాణరక్షణ పడవలు 20. అన్నీ నిండితే 1,178 మంది పడతారు. ఆ ప్రయాణంలో ఓడలో ఉన్నది సుమారు 2,200 మంది. ఇందులో చట్టాన్ని దాటింది ఏమీ లేదు. 10,000 టన్నులు దాటిన ఓడకు 16 పడవలుంటే చాలని 1890లలో రాసుకున్న నిబంధనే 1912 దాకా అమల్లో ఉంది. ఓడలు నాలుగింతలు పెరిగినా నిబంధన పెరగలేదు. చట్టం అడిగిన దానికన్నా నాలుగు పడవలు ఎక్కువే పెట్టామని కంపెనీ చెప్పుకోగలిగే పరిస్థితి.

ఏ గది వాళ్లు ఏ పడవ దగ్గరికి వెళ్లాలో ప్రయాణికుల్లో ఎవరికీ కేటాయించలేదు. ప్రయాణికులను పిలిచి ఒక్కసారైనా డ్రిల్ చేయించలేదు. నాలుగు రోజుల ప్రయాణంలో సి-65లో ఉన్న ఇద్దరికి భోజనశాల దారి తెలిసింది, పై డెక్ మీద షికారు దారి తెలిసింది. ప్రమాదం వస్తే ఏ వైపు వెళ్లి నిలబడాలో చెప్పినవాళ్లు లేరు.

ఆ రాత్రి

ఏప్రిల్ 14, ఆదివారం. సముద్రం అద్దంలా కదలకుండా ఉంది. చంద్రుడు లేడు. చలి సాయంత్రం నుంచే ముదిరింది. రాత్రి 11:40కి ఓడ కుడి పక్క మంచుకొండను రాసుకుంటూ పోయింది. చాలామందికి అది చిన్న కుదుపుగానే తెలిసింది. కొందరికి మెలకువే రాలేదు. ముందు వైపున్న నాలుగు అరల్లో నీళ్లు నిండినా తేలేలా ఆ ఓడను కట్టారు. నీళ్లు అంతకన్నా ఎక్కువ అరల్లోకి వచ్చాయి. ఇక గంటా గంటన్నర సమయమే ఉందని, ఓడకు నమూనా గీసిన థామస్ ఆండ్రూస్ కెప్టెన్ స్మిత్‌కు చెప్పేశాడు.

పన్నెండు దాటాక ప్రయాణికులను లేపి లైఫ్ జాకెట్లు తొడిగి పైకి పంపారు. ఇక్కడినుంచి జరిగింది నిదానంగా చెప్పాలి. ఎందుకంటే కొత్త జంటల తలరాత మారింది ఇక్కడే.

ఆడవాళ్లను, పిల్లలను పడవల్లోకి ఎక్కించమని కెప్టెన్ ఆదేశం. ఆ ఆదేశాన్ని ఓడ కుడి వైపున ఒక రకంగా, ఎడమ వైపున ఒక రకంగా అమలు చేశారు. కుడి పక్క పడవల బాధ్యత ఫస్ట్ ఆఫీసర్ మర్డోక్‌ది. ముందు ఆడవాళ్లను పిలిచేవాడు. చుట్టుపక్కల ఇంకెవరూ లేకపోతే మగవాళ్లను కూడా ఎక్కనిచ్చేవాడు. ఎడమ పక్క సెకండ్ ఆఫీసర్ లైటోలర్. ఆడవాళ్లూ పిల్లలూ తప్ప మగవాడు ఎక్కడానికి వీల్లేదని, తెడ్లు వేయడానికి కావలసినవాళ్లను మాత్రమే పంపాడు. ఖాళీలున్నా అంతే.

కుడి పక్క ఏడో నంబరు పడవ మొట్టమొదట దిగింది. టైం పన్నెండు ముప్పావు ప్రాంతం. ఎక్కడానికి జనం ముందుకు రావడం లేదు. అంత భద్రమైన ఓడను వదిలి చీకట్లో చిన్న పడవలో దిగడం ఎవరికి ఇష్టం? కొత్త దంపతులను ముందు ఎక్కించండని ఎవరో అన్నట్టు బతికినవాళ్లు చెప్పారు. బిషప్ దంపతులు ఎక్కారు. మినియాపొలిస్ నుంచి వచ్చిన మరో కొత్త జంట, స్నైడర్ దంపతులు కూడా ఎక్కారు. భార్యలతో పాటు భర్తలూ కూర్చున్నారు. 65 మంది పట్టే పడవ 30 మందైనా లేకుండా నీళ్లలోకి దిగింది. ఆ రెండు జంటలూ క్షేమంగా ఇల్లు చేరాయి.

పావుగంట గడిచింది. అప్పటికి విక్టర్, పెపీటా ఎడమ పక్కన ఉన్నారు. ఎనిమిదో నంబరు పడవ ముందు.

అక్కడే ఇంకో జంట ఉంది. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణాల యజమాని ఇసిడోర్ స్ట్రాస్, భార్య ఐడా. ఇద్దరూ అరవైలు దాటినవాళ్లు, నలభై ఏళ్ల దాంపత్యం. ఐడా పడవ దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. తన పనిమనిషిని ఎక్కించి, తాను మాత్రం భర్త ఎక్కడుంటే అక్కడే ఉంటానంది. పెద్దాయన ఎక్కితే ఎవరూ కాదనరని ఒకరు సూచిస్తే, మిగతా మగవాళ్లకు లేని సదుపాయం తనకొద్దని స్ట్రాస్ అన్నాడు. ఇద్దరూ ఓడలోనే మిగిలిపోయారు. ఆ పడవలో తెడ్డు వేసిన స్టీవార్డ్ క్రాఫర్డ్ ఐడా వెనుదిరగడం కళ్లారా చూసి విచారణలో చెప్పాడు.

పెపీటా ఎక్కింది. ఆమెను పడవలోకి చేర్చి, సంతోషంగా ఉండమని చెప్పి విక్టర్ వెనక్కి జరిగాడని వాళ్ల కుటుంబంలో చెప్పుకుంటారు. ఫెర్మినాకు కూడా అదే పడవలో చోటు దొరికింది. ఒకే పడవ ముందు నలభై ఏళ్ల కాపురం చేసిన ఇల్లాలు వెనక్కి తిరిగింది, పదహారు నెలల ఇల్లాలు ముందుకు నడిచింది. ఎవరిది గొప్ప ప్రేమ అని తూచడానికి నాకు మనసు ఒప్పదు. ఇరవై రెండేళ్ల పిల్లకు భర్త వెనక పడవలో వస్తాడనే నమ్మకం ఉండి ఉంటుంది. అప్పటికి ఆ డెక్ మీద ఓడ మునుగుతుందని నమ్మినవాళ్లు తక్కువ.

ఎనిమిదో పడవ దిగినప్పుడు అందులో పాతిక మందికి అటూఇటూ ఉన్నారు. ఇంకో 35 మందికి పైగా చోటుంది. విక్టర్ మాత్రం డెక్ మీదే మిగిలిపోయాడు.

ఇదే నన్ను ఇప్పటికీ నిలవనీయని సంగతి. ఓడ ఒకటే, కంపెనీ ఒకటే, తరగతి ఒకటే. వెడల్పు 92 అడుగులున్న ఓడలో ఒక పక్క నుంచి రెండో పక్కకు నడిచి వెళ్లడానికి పట్టేది నిమిషం. అటు పక్క భర్తలకు చోటు దొరుకుతోందని ఇటు పక్క వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఆస్టర్ కూడా ఎడమ పక్కనే, నాలుగో నంబరు పడవ దగ్గర, గర్భిణి అయిన భార్యతో పాటు ఎక్కవచ్చా అని అడిగాడు. లైటోలర్ వీల్లేదన్నాడు. ఆస్టర్ మారు మాట్లాడకుండా వెనక్కి జరిగాడు. కొత్త పెళ్లికొడుకు డానియల్ మార్విన్ కూడా తిరిగి రాలేదు. మేరీ బతికింది.

చుక్కాని పట్టిన కౌంటెస్

దూరాన ఏదో ఓడ దీపాలు కనబడుతున్నాయి. అక్కడికి తెడ్లు వేసుకుంటూ వెళ్లి, వీళ్లను దించి మళ్లీ రండని కెప్టెన్ స్మిత్ ఎనిమిదో పడవ వాళ్లకు చెప్పాడు. పడవలో మగవాళ్లు నలుగురే. బాధ్యత నావికుడు థామస్ జోన్స్‌ది. పడవలో ఉన్న ఆడవాళ్లలో స్థిమితంగా, దృఢంగా మాట్లాడే మనిషిగా రోథెస్ కౌంటెస్ నోయెల్ లెస్లీ అతనికి కనిపించింది. స్కాట్లాండ్ జమీందారీ కుటుంబపు కోడలు. ఆమెను పిలిచి చుక్కాని చేతికిచ్చాడు. మిగతా ఆడవాళ్లు తెడ్లు అందుకున్నారు. వేళ్లు కొంకర్లు పోయే చలిలో గంటల తరబడి తెడ్లు వేశారు. ఆ దీపాలు మాత్రం దగ్గర కాలేదు.

2:20కి టైటానిక్ మునిగింది. నీళ్లలో పడ్డవాళ్ల కేకలు ఎనిమిదో పడవకు వినబడ్డాయి. పెపీటా భర్త పేరు పెట్టి అరుస్తూ ఏడ్చింది. కౌంటెస్ చుక్కానిని తన బంధువు గ్లాడిస్ చెర్రీకి అప్పగించి, ఆ పిల్ల పక్కకు వచ్చి కూర్చుంది. తెల్లవార్లూ దగ్గరకు తీసుకుని ఓదారుస్తూనే ఉంది. ఆ పిల్ల ఏడుపు తమ గుండెలను కోసేసిందని ఆమె తర్వాత చెప్పింది.

వెనక్కి వెళ్లి నీళ్లలో ఉన్నవాళ్లను ఎక్కించుకుందామని జోన్స్ అన్నాడు. కౌంటెస్, గ్లాడిస్ సరేనన్నారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. జనం మీద పడితే పడవ తిరగబడుతుందని భయపడ్డారు. చోటుండీ ఆ పడవ వెనక్కి వెళ్లలేదు. జోన్స్‌కు ఇది జీవితాంతం బాధగానే మిగిలింది. తర్వాత కౌంటెస్ అతనికి వెండి గడియారం పంపింది. అతను ఆ పడవకున్న 8 అనే ఇత్తడి అంకెను ఊడదీసి దాచి ఆమెకు పంపాడు. ఇద్దరూ బతికినంత కాలం ఉత్తరాలు రాసుకున్నారు.

తెల్లవారుజామున వచ్చి పడవల్లోని వాళ్లను ఎక్కించుకున్న ఓడ కార్పేథియా. అది పోటీ కంపెనీ క్యూనార్డ్‌ది. టైటానిక్ నుంచి అందిన ఆపద పిలుపు విని, మంచుకొండల మధ్య నుంచి ఉన్న వేగమంతా పెట్టి వచ్చింది. ఏడు వందల పైచిలుకు మందిని చేరదీసి ఏప్రిల్ 18 రాత్రి న్యూయార్క్‌లో దింపింది. విక్టర్ వేరే పడవలో ఉండి ఉంటాడన్న ఆశ పెపీటాకు కార్పేథియా డెక్ మీద ఆవిరైపోయింది.

ఆ రాత్రి చనిపోయినవాళ్లు దాదాపు 1,500 మంది. బ్రిటిష్ విచారణ లెక్క చూడండి. మొదటి తరగతి ఆడవాళ్లు 144 మందిలో 140 మంది బతికారు. మొదటి తరగతి మగవాళ్లు 175 మందిలో బతికింది 57 మంది. మూడో తరగతి ఆడవాళ్లు 165 మందిలో దక్కింది 76 మందే. కొత్త జంటల కథ చెప్పుకునేటప్పుడు, కింది డెక్కుల్లో పేరైనా బయటికి రాని ఈ ఇల్లాళ్లను మరిచిపోవడం న్యాయం కాదు.

మాడ్రిడ్‌కు చేరిన కార్డులు

పారిస్‌లో బట్లర్ చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. కొడుకు అట్లాంటిక్‌లో మునిగిపోయాడు, తల్లికి మాత్రం పారిస్ నుంచి కులాసా కబుర్లు వచ్చాయి. ఓడ మునిగిన వార్త మాడ్రిడ్ పత్రికల్లోకి ఎక్కినప్పుడు, ఆ వార్తకూ తన ఇంటికీ సంబంధం ఉందని అనుకోవడానికి ఆమెకు కారణమే లేదు. ఏడవడానికి కూడా ఆమెకు ఆలస్యమైంది.

విక్టర్ మృతదేహం దొరకలేదు. కెనడాలోని హాలిఫాక్స్ నుంచి వెళ్లిన మాకే-బెన్నెట్ అనే ఓడ 306 మృతదేహాలు వెతికి తీసింది. వాటిలో అతనిది లేదు. ఆనాటి స్పెయిన్ చట్టం ప్రకారం దేహం దొరకని మనిషిని చనిపోయినట్టు గుర్తించాలంటే 20 ఏళ్లు ఆగాలి. అంటే పెపీటా అటు సుమంగళి కాదు, ఇటు విధవరాలూ కాదు. ఆస్తి రాదు, మళ్లీ పెళ్లికి వీలుండదు. చివరికి హాలిఫాక్స్‌కు చేర్చిన గుర్తు తెలియని ఒక దేహాన్ని విక్టర్‌దిగా చూపించి, డబ్బిచ్చి మరణ ధ్రువీకరణ పత్రం సంపాదించారన్నది స్పెయిన్‌లో బలంగా ఉన్న కథనం. ఆ పని చేసినందుకు ఆ కుటుంబాన్ని నేను తప్పుపట్టలేను. పెపీటా 1918లో ఒక బ్యారన్‌ను పెళ్లాడింది, పిల్లల తల్లి అయింది, 1972లో కన్నుమూసింది. ఫెర్మినా మాడ్రిడ్‌లో కుట్టుపని చేసుకుంటూ తొంభై ఆరేళ్లు బతికి 1969లో పోయింది.

మీరు ఎక్కబోయే ఓడ

టైటానిక్ మునిగిన రెండేళ్లలోపే, 1914 జనవరిలో, సముద్రంలో ప్రాణరక్షణకు మొట్టమొదటి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. సోలాస్ అంటే అదే. ఓడలో ఉన్న ప్రతి మనిషికీ పడవలో చోటు, పడవల డ్రిల్, రేయింబవళ్లు వైర్‌లెస్ దగ్గర మనిషి. ఇవన్నీ ఆ 1,500 మంది ప్రాణాలు పోయాక వచ్చిన నిబంధనలు. ఇప్పుడు ఏ పేరున్న క్రూజ్ కంపెనీని ఎంచుకున్నా ప్రాణరక్షణ పడవలోనో తెప్పలోనో మీ ఇద్దరికీ చోటుంటుంది. ఆ బెంగ అక్కర్లేదు.

అయినా 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాతిని గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఓడలో 4,200 మందికి పైగా ఉన్నారు. ఆ సాయంత్రమే చివిటావెక్కియా రేవులో ఎక్కిన వందల మందికి డ్రిల్ ఇంకా జరగలేదు. అప్పటి నిబంధన 24 గంటల గడువు ఇచ్చేది. ఆ గడువు తీరకముందే ఓడ ఒరిగింది. 2015 నుంచి ఓడ బయల్దేరేముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్ జరిపి తీరాలని మార్చారు.

క్రూజ్ ఇప్పుడు తెలుగువాళ్లకు మరీ దూరపు సంగతి కాదు. 2022 జూన్‌లో కోర్డీలియా కంపెనీ 'ఎంప్రెస్' చెన్నై నుంచి విశాఖ రేవుకు వచ్చింది. అది 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో రాయల్ కరీబియన్ దగ్గర తిరిగిన ఓడ. సింగపూర్ వెళ్లి అక్కడ ఎక్కేవాళ్లున్నారు, అమెరికాలో ఉన్న మన పిల్లలైతే ఫ్లోరిడాలో ఎక్కుతారు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ టన్నుల లెక్కన టైటానిక్‌కు అయిదు రెట్ల పైన ఉంటుంది. అందులో పిల్లల సందడి ఎక్కువ. హనీమూన్‌కు ఏకాంతం కావాలనుకుంటే 18 ఏళ్లు నిండినవాళ్లనే ఎక్కించుకునే వర్జిన్ వాయేజెస్ లాంటివి ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు కడుపులో తిప్పుతుందనే భయం ఉంటే, ఓడ నడిమి భాగంలో కింది అంతస్తు గది తీసుకోవాలి. అక్కడ ఊగిసలాట తక్కువ. వానాకాలంలో మన సముద్రాలు అల్లకల్లోలంగా ఉంటాయి, నెల చూసుకోవాలి. ఇంతకుమించి ఫలానా కంపెనీ గొప్పదని నేను చెప్పను. మీ అభిరుచి, మీ డబ్బు.

రెండు పనులు మాత్రం చేయండి. ఓడ ఎక్కగానే డ్రిల్‌కు పిలుస్తారు. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోన్‌లోనో గదిలోని టీవీలోనో చూడమని, తర్వాత మస్టర్ స్టేషన్‌కు, అంటే ప్రమాదం వేళ చేరాల్సిన చోటుగా మీకు కేటాయించిన దగ్గరికి, వచ్చి హాజరు వేయించుకోమని చెబుతున్నారు. సామాను సర్దుకుందామనో, ఫొటోలు దిగుదామనో ఒకరు ఆగిపోవద్దు. ఇద్దరూ కలిసి వెళ్లండి, మీ గది నుంచి ఆ చోటికి ఒకసారి మెట్ల మీదుగా నడిచి చూడండి. రెండోది, బయల్దేరే ముందు ఓడ పేరు, కంపెనీ పేరు, గది నంబరు, ఏ రోజు ఏ రేవులో ఉంటారో ఒక కాగితం మీద రాసి, అమ్మాయి ఇంట్లో ఒకటి, అబ్బాయి ఇంట్లో ఒకటి ఇచ్చి వెళ్లండి. అమ్మ వద్దంటుందనుకున్నా సరే, చెప్పే వెళ్లండి.